ఊరూ పేరూ లేని ఇంగ్లీషు

2025 జూలై 14న నటి బి. సరోజాదేవి బెంగళూరు మల్లేశ్వరంలోని తన ఇంట్లో కన్నుమూశారు. మర్నాడు కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వెళ్ళి నివాళి అర్పించారు. ఆ సంగతి ఫేస్‌బుక్‌లో కన్నడంలో పెడితే, ఫేస్‌బుక్‌ను నడిపే మెటా వారి యంత్రం దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ముఖ్యమంత్రినే చంపేసింది. చనిపోయిన ముఖ్యమంత్రి అదే వాక్యంలో వెళ్ళి నటి పార్థివదేహాన్ని దర్శించుకుని అంతిమ నమస్కారం కూడా పెట్టారు.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. ముఖ్యమంత్రి మీడియా సలహాదారు మెటాకు రాశారు; కన్నడ అనువాదం నమ్మదగినదిగా తయారయ్యేదాకా ఆపేయమన్నారు. ముఖ్యమంత్రి కూడా ఇలాంటి అనువాదాలను నమ్మవద్దని జనాన్ని హెచ్చరించారు. మెటా క్షమాపణ చెప్పి, సరిచేశామంది. కన్నడ లిపిని కూడబలుక్కుని చదవగలిగే మా ఆఫీసు తెలుగువాళ్ళకు ఇందులో వినోదం ఇంకాస్త ఎక్కువ. బహుభాషా తార, పార్థివ శరీరం, అంతిమ దర్శనం అంటూ సగం మన మాటలే. 'ముఖ్యమంత్రి నిన్న మరణించిన నటికి నివాళి అర్పించారు' అని మనం రాసినా మాటలు ఇదే వరసలో వస్తాయి. పోయిందెవరో చిన్నపిల్లలు కూడా పొరబడరు.

ఈ ఉదంతం మీద నేను చదివిన రాతలన్నీ ఒకే దారి పట్టాయి: యంత్రం తప్పులు చేస్తోంది, మన పరువు పోతోంది, అనువాదం మెరుగుపడాలి. నా అభిప్రాయం దాదాపు దీనికి తలకిందులు. అనువాదం తప్పయినప్పుడు పోయే పరువు తక్కువ, పోయినా తిరిగొస్తుంది. అనువాదం మెరుగయ్యేకొద్దీ పోయేది ఎక్కువ, దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం.

పరువు పోయింది ఎవరికి?

2020 జనవరిలో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ మయన్మార్ వెళ్ళినప్పుడు, అప్పటి అక్కడి నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ అధికారిక పేజీలో బర్మీస్ భాషలో పెట్టిన ప్రకటనను ఫేస్‌బుక్ ఇంగ్లీషులోకి మారుస్తూ ఆయన పేరు బదులు పాయఖానా భాష ఏదో రాసింది. ఆ పేరు తమ బర్మీస్ సమాచారంలో లేక యంత్రం ఊహించిందని కంపెనీ సంజాయిషీ ఇచ్చుకుంది. అదే ఏడాది జూలైలో థాయ్ రాజు పుట్టినరోజు వేడుక వార్తను థాయ్‌లోకి మార్చడంలో పెద్ద అపచారం దొర్లింది. రాజును ఒక్క మాటంటే జైలుకు పంపే చట్టమున్న దేశం కదా, ఫేస్‌బుక్ క్షమాపణ చెప్పి అక్కడ ఇంగ్లీషు నుంచి థాయ్‌లోకి తనంతట తాను జరిగే అనువాదాన్నే ఆపేసింది.

ఈ రెంటిలో చైనా పరువు పోయిందా, థాయ్‌లాండ్ పరువు పోయిందా? నవ్వులపాలైంది ఫేస్‌బుక్. పెద్దవాళ్ళ విషయంలో తప్పు దొర్లితే సరిదిద్దడానికి రాయబార కార్యాలయాలున్నాయి, మీడియా సలహాదారులున్నారు, వార్త రాసుకోవడానికి పత్రికలున్నాయి. తెల్లారేసరికి అసలు వాక్యం ఏమిటో ప్రపంచానికంతటికీ తెలుస్తుంది. ఆ పోస్టును అంతకుముందు అంతమంది చదివి ఉండరు కూడా.

చిన్నవాళ్ళ సంగతి వేరు. 2017 అక్టోబరులో ఇజ్రాయెల్ ఆక్రమణలోని వెస్ట్ బ్యాంకు ప్రాంతంలో ఒక పాలస్తీనా నిర్మాణ కూలీ బుల్డోజరుకు ఆనుకుని నిలబడిన ఫొటో పెట్టి, అరబ్బీలో శుభోదయం చెప్పాడు. ఫేస్‌బుక్ దాన్ని హీబ్రూలో 'వాళ్ళ మీద దాడి చేయండి' అంది. ఇజ్రాయెల్ పోలీసులు అతన్ని పట్టుకుపోయి గంటలకొద్దీ ప్రశ్నించి వదిలేశారు. ఇక్కడ ఒక దేశం పేరు నిజంగానే చెడింది. అయితే చెడగొట్టింది యంత్రం ఒక్కటే కాదు. అరెస్టుకు ముందు అరబ్బీ వచ్చిన ఒక్క పోలీసుకైనా ఆ పోస్టు చూపించలేదు. చేతిలో ఉన్న అనువాదం చాలనిపించింది వాళ్ళకు.

మయన్మార్‌లోనే దీనికి పూర్తిగా ఎదురైన సంగతి కూడా జరిగింది. ముస్లింలను ఒక్కరినీ మిగల్చకుండా చంపాలని పిలుపునిస్తూ బర్మీస్‌లో రాసిన పోస్టును ఫేస్‌బుక్ ఇంద్రధనుస్సు గురించిన అర్థం లేని వాక్యంగా మార్చిందని 2018 ఆగస్టులో రాయిటర్స్ బయటపెట్టింది. ఆ దెబ్బతో అప్పట్లో బర్మీస్ అనువాదం తీసేశారు. అంటే యంత్రం తప్పుల వల్ల ఒక దేశంలోని విషం బయటివాళ్ళకు కనబడకుండా కొన్నాళ్ళు దాగింది. పరువు లెక్కల్లో చూస్తే అది లాభమే అనాలి! పరువు అనే కొలబద్దతో కొలిస్తే ఎలాంటి లెక్కలు తేలతాయో చెప్పడానికే ఈ మాట అంటున్నాను.

రాజమండ్రి మెస్సులో పోలండ్ కుర్రాడు

ఈమధ్య మా వార్సా ఆఫీసు నుంచి ఒక సహోద్యోగిని పని మీద బెంగళూరు వచ్చింది. మారతహళ్ళిలో ఆంధ్రా భోజనానికి తీసుకెళ్తే, కూర్చోగానే ఫోను తీసి ఒక వీడియో చూపించింది. ఆమె స్నేహితురాలి తమ్ముడు భారతదేశమంతా తిరుగుతూ రాజమండ్రిలో ఒక మెస్సులో ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగి ఎర్రబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, నెయ్యి వేయించుకుని మళ్ళీ కలుపుకున్నాడు. చూడముచ్చటగా ఉంది. "కింద కామెంట్లు చదవండి. మీ భాషలో నిజంగా ఇలాగే మాట్లాడుకుంటారా?" అని అడిగింది. ఆమె చూస్తున్నవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఫోను తనంతట తానే మార్చి పెట్టింది. నేను ఒక్కొక్కటీ నొక్కి అసలు తెలుగు చూశాను.

మొదటిదాన్ని ఇంగ్లీషులో చదివితే ఎవరో ఆ కుర్రాడు కూలిపోవాలని, ఊరగాయ తిని చావాలని శపించినట్టుంది. తెలుగులో ఉన్నది: "ఓరి నీ అసాధ్యం కూలా! అంత ఆవకాయ ఒక్క ముద్దలో కలిపావేమిట్రా, చచ్చావు పో!" అది శాపమని ఏ తెలుగువాడూ అనుకోడు. పక్కన ఉంటే ఇంకో గరిటె నెయ్యి వేసి ఉండేవాడు ఆ రాసినాయన. రెండోది ఇంగ్లీషులో మర్యాదగా అతిథి సత్కారం గురించి ఉంది. తెలుగులో అది ఆ కుర్రాడి పక్కన కూర్చున్న అమ్మాయి మీద వేసిన పచ్చి బూతు. ద్వంద్వార్థం కాబట్టి యంత్రం పైఅర్థం తీసుకుని గౌరవంగా దాటిపోయింది. అది ఆమెకు నచ్చింది కూడా.

మూడోది: 'మా దేశమొచ్చి అడుక్కుతింటున్నారు, వీళ్ళను తన్ని తరమండి.' అనువాదంలో వంక పెట్టడానికి లేదు. అక్షరం పొల్లుపోలేదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ మూడోదాని గురించే.

ఆ కామెంటు నేను తెలుగులో చూడగానే దాని జాతకం తెలిసిపోయింది. పేరు స్థానంలో ఒక హీరో పేరూ, దాని పక్కన అంకెలూ. ఫొటో కూడా ఆ హీరోదే. ఒత్తులు సగం లేవు, దీర్ఘాలన్నీ తప్పు. ఆ ఖాతా నొక్కి చూస్తే ఎవరి వీడియో కిందైనా ఇదే వరస: క్రికెటర్‌ను తరమండి, యాంకర్‌ను తరమండి, ఎదుటి హీరోను తరమండి. ఎవరో పరీక్షలు తప్పిన కుర్రవాడై ఉంటాడు, లేదా డబ్బులకు రాసేవాడు. ఇలాంటివాడిని మనం రోజూ చూస్తాం, ఒక్క రెప్పపాటులో దాటిపోతాం. ఇంగ్లీషులో ఆ ఒత్తులూ దీర్ఘాలూ సరిపోయాయి. వాక్యం పద్ధతిగా, చదువుకున్నవాడు ఆలోచించి రాసినట్టుగా ఉంది. పైన రాజమండ్రి ఆయన రాసిన వాక్యమూ, ఏ లెక్చరరో రాసిన పొగడ్తా, ఇదీ ఒకే గొంతుతో, ఒకే ఇంగ్లీషులో వరసగా ఉన్నాయి. తెలుగులో ఎవడు ఏమిటో చెప్పే ఆనవాళ్ళు, అంటే యాస, వయసు, చదువు, నువ్వు-మీరు, వెటకారం, అన్నీ పోయి మాట మాత్రం మిగిలింది. ఇక ఆ మాటకు సొంతదారు ఎవరు? ఊరూ పేరూ లేదు కనుక, దేశమే.

2011లో గూగుల్ అనువాదంలో తెలుగు చేరిన కొత్తల్లో వచ్చిన ఇంగ్లీషు గుర్తున్నవాళ్ళకు నా మాట అర్థమవుతుంది. కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో. చదివినవాడు ఇది యంత్రం పని అనుకుని అనుమానంగా చదివేవాడు. ఆ గజిబిజే హెచ్చరికగా పనిచేసేది. ఇప్పుడు ఇంగ్లీషు నున్నగా వస్తోంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే యంత్రానికి అందదని మనవాళ్ళు కొన్నాళ్ళు నిశ్చింతగా ఉన్నారు, ఇప్పుడు అదీ అందుతోంది.

నేను ఇదంతా ఆమెకు చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ మనిషి మీకు కనబడుతున్నాడు, నాకు కనబడడు కదా. పోనీ, ఆ మూడోదానికే ఎక్కువ లైకులున్నాయి, అవి కూడా అంకెలు తగిలించుకున్న కుర్రాళ్ళవేనా?" అంది. సగం అలాంటి ఖాతాలవేనని నాకు తెలుసు. మిగిలిన సగం గురించి వెంటనే చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది. భోజనం వచ్చింది.

అరుగు మీద మాట, వంటింటి మాట

అరుగు మీద కూర్చుని మాట్లాడేటప్పుడు వీధిన పోయేవాళ్ళు వింటారని మనకు తెలుసు. వంటింట్లో మాట అలా ఉండదు. నిన్నమొన్నటిదాకా దేశాల పరువు అరుగు మీద మాటలతోనే నడిచింది. విదేశాంగ శాఖ ప్రకటనలు, ఇంగ్లీషు పత్రికలు, క్రికెట్ వ్యాఖ్యానం, పైదేశాల్లో చదువుకునే పిల్లలు, అందరూ బయటివాళ్ళు వింటున్నారని తెలిసి మాట్లాడినవాళ్ళే. అందులో బోలెడు అబద్ధం ఉంది, ఒప్పుకుంటాను. ఆ అరుగు ఎక్కడానికి ఇంగ్లీషు రావాలి, అది రావడానికి ఏ ఇంట్లో పుట్టాలో వేరే చెప్పనక్కర్లేదు.

2020 ఏప్రిల్‌లో థాయ్, చైనా కుర్రకారు ట్విట్టర్‌లో తిట్టుకున్నది గుర్తుందా? అదీ అరుగు మీది గొడవే. థాయ్ పిల్లలు చాలామంది ఇంగ్లీషులో, ఎదుటివాళ్ళు చదవాలనే రాశారు. చైనావాళ్ళు నొప్పించాలని థాయ్ ప్రభుత్వాన్ని తిడితే, ఇంకా తిట్టండని వీళ్ళు నవ్వారు. చివరికి బ్యాంకాక్‌లోని చైనా రాయబార కార్యాలయం, ఈ రొద థాయ్ ప్రజల అభిప్రాయం కాదని ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. తిట్లే అయినా, ఎవరితో మాట్లాడుతున్నామో అక్కడ అందరికీ తెలుసు. రాజమండ్రి మెస్సు వీడియో కింద తన్ని తరమమని రాసినవాడికి అది తెలియదు. వాడు వార్సాతో మాట్లాడలేదు, పక్కనున్నవాడి దగ్గర గొప్ప పోయాడు. దాన్ని వార్సా దాకా మోసుకుపోయింది యంత్రం. పైగా 2025 నవంబరు నుంచి ఎక్స్‌లో ఖాతా ఏ దేశానిదో కూడా చూపిస్తున్నారు.

దీన్ని కాదనే ఉదాహరణ

నా వాదానికి పెద్ద అడ్డు 2025 జనవరి. అమెరికాలో టిక్‌టాక్ నిషేధం దగ్గరపడుతుంటే అక్కడి కుర్రకారు గుంపుగా షావోహోంగ్‌షు అనే చైనా యాప్‌లోకి వెళ్ళిపడ్డారు. మనకు టిక్‌టాక్ 2020 జూన్‌లోనే పోయింది కనుక ఈ తమాషా బయటినుంచి చూశాం. మొదట బయటి అనువాద యాప్‌లతో, తర్వాత కొద్దిరోజుల్లోనే ఆ యాప్ పెట్టిన అనువాదం మీటతో రెండు దేశాల వాళ్ళూ మాట్లాడుకున్నారు. అమెరికావాళ్ళు ప్రవేశ రుసుం అంటూ తమ పిల్లుల ఫొటోలు పెట్టారు. చైనా పిల్లలు ఇంగ్లీషు హోంవర్కు చేయించుకున్నారు. కూరగాయల ధరలెంత, అంబులెన్సుకు నిజంగా అంత కట్టాలా అని ఒకరినొకరు అడుక్కున్నారు. చైనా ప్రభుత్వం విదేశాల్లో కోట్లు పోసి చేసుకునే ప్రచారం ఇవ్వలేని మంచిపేరును ఒక కిరాణా బిల్లు ఫొటో తెచ్చింది.

అంటే అనువాదం పరువు తెస్తుందనేగా? తెస్తుంది. అక్కడ మనుషులు ఎదురెదురుగా ఉన్నారు, అడిగారు, జవాబు విన్నారు. యాప్ చేతిలోనే కత్తెర ఉన్న మాటా నిజమే, చైనాలో రాయకూడనివి అక్కడ నిలవవు. ఆ మాట వదిలేసినా నాకు కనబడేది ఒకటే: అక్కడ అనువాదం సంభాషణకు పనికొచ్చింది. మన ఫోన్లలో అది ఎక్కువగా పొంచి వినడానికి పనికొస్తోంది. వినిపించే మాటలనైనా ఎవరు ఏరుతున్నారు? ఎక్కువమందిని రెచ్చగొట్టిన కామెంటునే పైకి తెచ్చే లెక్క ఒకటుంది, అది ఏరుతోంది. 2021 జూన్‌లో భారతదేశంలో వికారమైన భాష ఏదని అడిగితే గూగుల్ కన్నడం అని జవాబిచ్చిన రోజు ఈ ఊరు మరచిపోలేదు. అది అనువాదం కాదు, ఎవరో ఊరూ పేరూ లేనివాడు ఏదో పేజీలో రాసుకున్నది. యంత్రం గొంతులో వినబడేసరికి ప్రపంచం తీర్పులా ఉంది. గూగుల్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

దేశాల మధ్య జరిగేదే మా అపార్ట్‌మెంటులోనూ జరిగింది. 2024 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికుల కోటా బిల్లు తెచ్చి ఆపినప్పుడు, లోకేశ్ కంపెనీలను విశాఖ రమ్మని పిలిచారు. కింద తెలుగు, కన్నడ కామెంట్లు కుప్పలుగా పడ్డాయి. మా పక్క ఫ్లాటులో ఉండే కన్నడ పెద్దాయన, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఫోను పట్టుకుని వచ్చి "ఏనప్పా, మీవాళ్ళు మా ఊరి గురించి ఇలా అంటున్నారు?" అన్నారు. ఆయన చదివిందీ ఇంగ్లీషే. నేను అసలు తెలుగు చదివి వినిపించాను. ఆయనకు తెలుగు సినిమాల తెలుగు వచ్చు. రెండోది వినగానే "వీడెవడో తాగి రాశాడు" అని నవ్వి, కాఫీకి కూర్చున్నారు. వార్సా ఆమెకు ఈ వీలు లేదు.

మా చెల్లెలి అభ్యంతరం

ఇదంతా మా పిన్ని కూతురికి చెబితే ఒప్పుకోలేదు. తను ఇక్కడే ఒక సంస్థలో కొన్నాళ్ళు తెలుగు పోస్టుల మీద వచ్చే ఫిర్యాదులు చూసే పని చేసింది. "నీకు దేశం పరువు కనబడుతోంది అన్నయ్యా. నాకు ఆ వీడియోలో పక్కన కూర్చున్న అమ్మాయి కనబడుతోంది. అలాంటి కామెంటు తెలుగు అమ్మాయికి పడితే ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఫిర్యాదు చేస్తే నియమాలకు విరుద్ధం కాదని జవాబొచ్చేది, తెలుగు వచ్చినవాళ్ళు చూస్తేగా! బయటివాళ్ళకు అర్థమవుతుందని తెలిస్తే కొంచెమైనా సిగ్గుపడతారు. వంటింటి మాట అని నువ్వు ముద్దుగా అంటున్నావు, ఆ వంటింట్లో దెబ్బలు తిన్నవాళ్ళకు గోడ కూలితేనే మేలు" అంది.

ఈ మాటను తోసిపుచ్చే వాదం నా దగ్గర లేదు. కులం పేరు పెట్టి తిట్టేవాళ్ళు, ఆడవాళ్ళ మీద గుంపుగా పడేవాళ్ళు ఇన్నాళ్ళూ తెలుగు చాటున బతికారు. అయితే ఒక్క విషయంలో మాత్రం నాకు తేడా ఉంది. రాసినవాడు సిగ్గుపడాలంటే వాడికి తెలియాలి. వార్సాలో ఒకామె తన కామెంటు చదివి మొహం చిట్లించిందని ఆ హీరో ఫొటోవాడికి ఎప్పటికీ తెలియదు. తెలిసేది వార్సాలో అద్దెకు గది వెతుక్కునే తెలుగు విద్యార్థికి. రాసేదొకడు, చెల్లించేది ఇంకొకడు. ఇందులో నేరస్థుడికి పడే శిక్ష ఏముంది?

ఆపేయమంటే

అందుకని అనువాదాన్ని ఆపేయమనే ప్రభుత్వాల వైపు నేను లేను. కర్ణాటక అడిగినదాంట్లో న్యాయముంది, బతికున్న ముఖ్యమంత్రిని చనిపోయాడంటే ఎవరైనా అడుగుతారు. కానీ ఈ రోజు కచ్చితత్వం పేరుతో ఆపిన మీటను రేపు ఏ అల్లరప్పుడో, ఏ ఎన్నికలప్పుడో పరువు పేరుతో ఆపడం చిటికెలో పని. ప్రభుత్వాలు తమ ప్రకటనలకు ఇంగ్లీషు తామే రాసి పక్కన పెట్టుకుంటే సగం గొడవ లేదు. బెంగళూరులో కన్నడం, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళకు కరువా?

ఇకపై తెలుగు రాసేటప్పుడు ప్రపంచం చూస్తోందని గుర్తుంచుకోవాలి అని ఇంకో ఉపదేశం వినబడుతోంది. దీనికైతే నాకు ఒళ్ళు మండుతుంది. నీ అసాధ్యం కూలా అనే మాట వార్సాలో అపార్థమవుతుందని రాజమండ్రి ఆయన 'మీరు ధైర్యంగా తిన్నారు, అభినందనలు' అని రాయాలా? యంత్రానికి అర్థమయ్యేలా రాసుకుంటూ పోతే మిగిలేది మనమెవరమూ మాట్లాడని తెలుగు. అలా రాసేవాళ్ళు ఇప్పటికే కనబడుతున్నారు. పొట్టి వాక్యం, సామెత ఉండదు, వెటకారం ఉండదు, కర్త ప్రతి వాక్యంలోనూ బుద్ధిగా నిలబడి ఉంటాడు.

నేను కోరేది చాలా చిన్నది. అసలు వాక్యం పైన ఉండాలి, అనువాదం అడిగితేనే రావాలి. ఇప్పుడు చాలాచోట్ల తిరగేసి ఉంది: అనువాదం ముందే వచ్చి కూర్చుంటుంది, అసలుది వెతుక్కుంటే దొరుకుతుంది. ముందు తెలియని లిపి కనబడి, దాన్ని నొక్కి చదివినవాడికి, నేను ఇంకెవరి మాటో వింటున్నాను అన్న స్పృహ ఎంతోకొంత ఉంటుంది. ఆ పోలీసులకు లేనిదీ, మా పక్క ఫ్లాటు పెద్దాయన ఫోను పట్టుకుని మా ఇంటికి రావడంలో ఉన్నదీ అదే.

"నొక్కే ఓపిక ఎవరికుంది అన్నయ్యా? ఎవరూ నొక్కరు" అంది మా చెల్లెలు. నొక్కకపోతే మానేయనీ. ఆ మాత్రం ఓపిక లేనివాళ్ళు రాజమండ్రి కామెంట్లు చదవకపోతే దేశానికొచ్చే నష్టమేమీ లేదు.